బేగంపేట ఆసుపత్రి గోడమీది దోమ

ఈ టపా ఒక జత కుండలీకరణాల గురించి. రొనాల్డ్ రాస్ తన స్వీయచరిత్రను 1923లో ప్రచురించాడు. మలేరియా రహస్యం బయటపడిన ఆగస్టు దినాలను అందులో వర్ణిస్తూ ఒకచోట ఆసుపత్రి ఉద్యోగి నొకరిని ప్రస్తావిస్తాడు. ముందు ఆ ఉద్యోగి హోదా చెబుతాడు. ఆ వెంటనే కుండలీకరణాల నడుమ, ఆయన పేరు మరచిపోయినందుకు విచారిస్తున్నానని ఒక్క ముక్క రాసి, మళ్ళీ కథలో పడిపోతాడు.  మన సికింద్రాబాదులో జరిగిన ఆ కథ ప్రపంచమంతటికీ తెలుసు. అందులో గోడమీద దోమను చూపించిన మనిషికి మాత్రం పేరు లేదు.

ఆసుపత్రిలో పనిచేసే వారిని ఎవరు గుర్తిస్తారు, ఎలా గుర్తిస్తారు, ఆసుపత్రి వార్త లోకానికి చేరేటప్పుడు ఎవరి పేరు దానితో ప్రయాణిస్తుంది, ఎవరి పేరు వార్డులోనే ఉండిపోతుంది అన్న ప్రశ్నలకు ఆ కుండలీకరణాల కంటె మంచి ప్రవేశద్వారం నాకు కనబడలేదు.

ముందుగా కథ. చాలామంది చదువరులకు స్థూలంగా తెలిసిందే, అయినా వివరాలలోనే అసలు సంగతి ఉంది. ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లో అల్జీరియాలో పనిచేస్తూ మలేరియా రోగి రక్తంలో పరాన్నజీవిని చూశాడు. అది ఒక మనిషినుంచి మరొక మనిషికి ఎలా చేరుతున్నదో తెలియలేదు. దోమ కారణం కావచ్చునని లండనులో పాట్రిక్ మాన్సన్ ఊహించాడు. 1894లో సెలవుపై వెళ్ళిన రాస్‌ను ఆ ఊహ పట్టుకుంది. 1857లో అల్మోరాలో పుట్టి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరిన రాస్ అప్పటికి పేరున్న శాస్త్రజ్ఞుడేమీ కాడు. 1895లో సికింద్రాబాదుకు వచ్చి పని మొదలుపెట్టాడు. నడుమ బెంగుళూరులో కలరా విధులు, నీలగిరి దిగువన తనకే మలేరియా సోకడం, ఇవన్నీ అయ్యాక 1897 వేసవిలో తిరిగి సికింద్రాబాదు చేరాడు. ఆ పరిశోధనకు నెలవైనది బేగంపేటలోని ఒక సైనిక ఆసుపత్రి. సిపాయీలకోసం సర్కారు డబ్బుతో నడిచిన మామూలు ఆసుపత్రి.

రాస్ కష్టం ఏమిటంటే, దోమలలో జాతిభేదాలు ఆయనకు తెలియవు. చేతికి చిక్కిన బూడిదరంగు దోమలనూ చారల దోమలనూ రోగుల చేత కుట్టించి, సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కదానినీ కోసి చూశాడు. ఏమీ కనబడలేదు. మలేరియాను మోసే జాతి వేరే ఉన్నదనీ, తాను ఇన్నాళ్ళూ మోయని జాతులను కోస్తూ కూర్చున్నాననీ ఆయనకు అప్పటికి తెలియదు. ఇంటి తాళాన్ని పెట్టె తాళంచెవితో తెరవబోయే వాని అవస్థ అది.

1897 ఆగస్టు 16 ఉదయం ఆయన ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడి హాస్పిటల్ అసిస్టెంటు గోడమీద వాలిన ఒక చిన్న దోమను చూపించాడు. దాని తోక గోడకు దూరంగా పైకి లేచి ఉంది. రాస్ దానిని సీసాలో పట్టి, చంపి, కోసి చూశాడు. విశేషమేమీ లేదు. ఆ పనిలో ఉండగానే హాస్పిటల్ అసిస్టెంటు మళ్ళీ పరుగున వచ్చాడు. ముందురోజు పనివాడొకడు తెచ్చిన సీసాలోని పిల్లపురుగులు దోమలైనాయని, అవీ ఇదే రకంవని చెప్పాడు. చూస్తే పన్నెండింటి దాకా ఉన్నాయి. గోధుమరంగు ఒళ్ళు, మచ్చల రెక్కలు. వాటిలో పదింటిని హుసేన్ ఖాన్ అనే రోగి చేత కుట్టించుకోనిచ్చారు. దోమకు ఒక అణా చొప్పున ఆయనకు పది అణాలు ముట్టాయి.

తరువాతి రోజులలో దోమలు ఒక్కొక్కటే చచ్చిపోతూ, కోతకు గురవుతూ తగ్గిపోయాయి. ఆగస్టు 20న మిగిలినవాటిలో ఒకదానిని కోసినప్పుడు, దాని జీర్ణకోశపు గోడలో రాస్‌కు కొన్ని గుండ్రని కణాలు కనబడ్డాయి. వాటిలో నల్లని రంగుకణికలు ఉన్నాయి. మలేరియా పరాన్నజీవిలో కనబడే కణికలే అవి. మరునాడు ఆఖరి దోమలో అవే కణాలు మరికొంత పెద్దవిగా కనబడ్డాయి. అంటే దోమ ఒంట్లో అవి పెరుగుతున్నాయి! ఆ ఆగస్టు 20నే నేడు ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. ఆ పనికే 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు గోడ దగ్గరకు తిరిగి వెళదాం. తోక పైకెత్తి వాలడం అనేది అనాఫిలిస్ జాతికి ఆనవాలు. ఈనాటికీ ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణలో చెప్పే మొదటి గుర్తు అదే: క్యూలెక్స్ దోమ గోడకు సమాంతరంగా కూర్చుంటుంది, అనాఫిలిస్ ఏటవాలుగా కూర్చుంటుంది. రెండేళ్ళుగా సూక్ష్మదర్శినిలో తల దూర్చిన పరిశోధకునికి చిక్కని ఆ ఆనవాలును, రోజంతా వార్డులో తిరిగే మనిషి వట్టి కళ్ళతో చూశాడు. పైగా సీసాలోని దోమలు అదే రకంవని పోల్చుకొని పరుగెత్తుకొని వచ్చినవాడూ ఆయనే. ఒకసారి చూపడాన్ని యాదృచ్ఛికం అనవచ్చు. రెండోసారి పోల్చి చెప్పడాన్ని పరిశీలన అనక తప్పదు.

ఇంతకూ హాస్పిటల్ అసిస్టెంటు అంటే ఎవరు? పేరు చూసి పరిచారకుడో, కాంపౌండరో అనుకునే ప్రమాదం ఉంది. ఆనాటి సర్కారు వైద్యశాఖలో అదొక హోదా. దేశీయులకు వైద్య పాఠశాలలలో చదువు చెప్పి, పరీక్ష పెట్టి ఇచ్చే ఉద్యోగం. తరువాతి కాలంలో దీనికే సబ్ అసిస్టెంట్ సర్జన్ అన్న పేరు వచ్చింది. పైన ఇండియన్ మెడికల్ సర్వీసు దొర, కింద పనివాళ్ళు, మధ్యన వీరు. పడకల మధ్య తిరగడం, మందులిప్పించడం, రోగి పరిస్థితిని దొరకు విన్నవించడం వీరి పని. పట్టాలేని దొర గానీ, పట్టాపొందిన నౌకరు గానీ ఎలా ఉంటారో ఊహించుకుంటే ఆ స్థానం అర్థమవుతుంది. విద్య వైద్యునిది, హోదా నౌకరుది.

ఇక్కడ నన్ను ఆలోచింపజేసిన విషయం వేరు. హుసేన్ ఖాన్ పేరు మనకు తెలుసు. 1895లో రాస్ మొదటి విడత ప్రయోగాలలో, దోమలు పడి చచ్చిన నీటిని తాగి జ్వరపడిన వ్యక్తి పేరు కూడా తెలుసు. రాస్ దానిని లచ్చుమన్ అని రాశాడు. దోమ కాటువల్ల కాక, దోమ చచ్చిన నీటివల్ల మలేరియా వస్తుందేమో నని అప్పట్లో మాన్సన్ అనుమానం. దానిని పరీక్షించడానికి మనుషులకే ఆ నీరు తాగించారు. నేటి వైద్యనీతి దీనిని ఒప్పుకోదు. వారు డబ్బు తీసుకొని ఒప్పుకున్నారన్న మాట నిజమే గాని, పేదవాని ఒప్పుదలకు ఎంత విలువ కట్టాలో చదువరులే ఆలోచించగలరు.

సరే, కుట్టించుకున్నవాడి పేరు, నీరు తాగినవాడి పేరు నిలిచాయి. దోమను గుర్తుపట్టినవాడి పేరు ఎందుకు పోయింది? నాకు తోచిన కారణం ఇది. ఏ దోమ ఎవరి రక్తం తాగిందో తెలియకపోతే ప్రయోగానికి అర్థం లేదు. కనుక రోగి పేరు నోటుపుస్తకానికి ఎక్కింది. అణాల లెక్క కూడా ఆ పేరుమీదనే. హాస్పిటల్ అసిస్టెంటు నెలజీతం మనిషి. ఆయన చూపిన దోమకు అణా లేదు, ఆయన పరుగుకు ఖర్చుపద్దు లేదు. ఉద్యోగంలో భాగమైన పనిని ఎవరూ రాసుకోరు. ఇరవయ్యారేళ్ళ తరువాత స్వీయచరిత్ర రాయడానికి కూర్చున్నప్పుడు దోమ రంగు, రెక్కల మచ్చలు, సీసా మూతికి కట్టిన పలుచని గుడ్డ, అన్నీ జ్ఞాపకం వచ్చాయి. పేరు రాలేదు. జ్ఞాపకం మీద వదిలేసినది పోయింది, కాగితం మీద పెట్టినది మిగిలింది.

ఈ వార్త బేగంపేట ఆసుపత్రి గడప దాటి ఎలా వెళ్ళిందో కూడా చూడాలి. రాస్ తాను చూసినదంతా ఉత్తరాలలో మాన్సన్‌కు రాసేవాడు. 1897 డిసెంబరు 18 నాటి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన వ్యాసం వచ్చింది. ఆ వ్యాసానికి తోడుగా జాన్ స్మిత్ అనే మరొక సర్జన్ మేజర్ రాసిన చిన్న గమనిక ఉంది. దోమ కోతలను తాను కూడా చూశాననీ, ఆ కణాలు కనబడ్డాయనీ సాక్ష్యం అది. అంటే, తరువాత వచ్చి సూక్ష్మదర్శినిలో చూసిన దొరగారి పేరు అచ్చయింది. సాక్షికి హోదా కావాలి కదా! ముందే చూసిన కంటికి అచ్చులో చోటు దొరకలేదు. ఇది రాస్ ఒక్కడి తప్పు కాదు. శాస్త్రపత్రికల ఆచారమే అది. ఆ ఆచారానికి వెనుక సామ్రాజ్యపు నిచ్చెన ఉంది.

రాస్ విషయంలో న్యాయంగా మాట్లాడాలంటే రెండు మాటలు చెప్పాలి. మొదటిది ఆయనకు అనుకూలం. పేరు మరచిన సంగతిని ఆయన దాచలేదు. ఆ మనిషిని కథలోనుంచి తీసివేసి, దోమను తానే చూశానని రాసుకున్నా అడిగేవారు లేరు. అలా చేయలేదు. కలకత్తాలో తన వద్ద పనిచేసిన మహమ్మద్ బక్స్ గురించి ప్రీతిగానే రాశాడు. రెండవది ప్రతికూలం. తన గుర్తింపు విషయంలో ఆయన ఎన్నడూ మరపును క్షమించలేదు. మనుషుల మలేరియాను అనాఫిలిస్ దోమలు మోస్తాయని ఇటలీలో 1898లో నిరూపించిన గ్రాసీతో ఘనత ఎవరిదన్న తగవు పెట్టుకొని, దానిని దశాబ్దాలు మోశాడు. తన సేవకు బ్రిటిష్ ప్రభుత్వం తగిన పారితోషికం ఇవ్వలేదని అర్జీ కూడా పెట్టుకున్నాడు. గుర్తింపు దక్కకపోతే మనిషి ఎంత నొచ్చుకుంటాడో రాస్ కంటె బాగా తెలిసినవారు అరుదు. అలాంటివాని కలంనుంచే ఆ కుండలీకరణాలు వచ్చాయి.

దీనికి పోల్చదగిన మరొక ఘట్టం కలకత్తాలో ఉంది. 1898లో రాస్ అక్కడ ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రి ఆవరణలోని ప్రయోగశాలలో పక్షుల మలేరియామీద పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటుద్వారా మరొక ప్రాణికి సోకుతుందని చూపాడు. ఆ పనిలో కిశోరీ మోహన్ బందోపాధ్యాయ అనే యువకుడు ఆయనకు సహాయపడ్డాడు. నోబెల్ ప్రకటనలో ఆయన ఊసు లేదు. కలకత్తా విద్యావంతులు ఊరుకోలేదు. వైస్రాయి కర్జన్‌కు విన్నవించుకున్నారు. 1903లో కిశోరీ మోహన్‌కు ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పేరిట బంగారు పతకం వచ్చింది. గుర్తింపు ఆకాశంనుంచి రాలిపడలేదు, అడిగితే వచ్చింది. అడగడానికి ఆ నగరంలో పత్రికలు, సభలు, పేరున్న పెద్దలు ఉన్నారు. బేగంపేట హాస్పిటల్ అసిస్టెంటు తరఫున అడిగిన వారెవరు?

మన నగరంలో అప్పటికే ఆసుపత్రి వార్త లోకానికి చేరే మార్గం లేకపోలేదు. రాస్ కంటె దాదాపు పదేళ్ళు ముందే హైదరాబాదు పేరు వైద్య ప్రపంచంలో మారుమోగింది. రెసిడెన్సీ సర్జన్, హైదరాబాదు మెడికల్ స్కూలు ప్రధానాచార్యుడు ఎడ్వర్డ్ లారీ క్లోరోఫాంమీద 1888లో ఒక కమిషన్ నడిపాడు. లండను లాన్సెట్ పత్రిక దాని నిర్ణయాలను శంకించింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చి, ఆ పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్‌ను ఇక్కడికి రప్పించగా 1889లో రెండవ కమిషన్ జరిగింది. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు శ్వాసను గమనిస్తే చాలు, నాడితో పని లేదని లారీ వాదం. గుండె హఠాత్తుగా ఆగే ప్రమాదం నిజమేనని 1911లో లెవీ ప్రయోగాలు తేల్చాయి. లారీ సిద్ధాంతం ఓడిపోయినా ఆయన పేరు నిలిచింది. ఆయన దగ్గరే చదివి, మత్తు ఇవ్వడంలో నిపుణురాలై, ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలిగా చరిత్రకారులు చెప్పే రూపాబాయి ఫర్దూన్జీ పేరు మాత్రం ఆ నగరవాసులలోనే ఎందరికి తెలుసు? ఓడిన వాదానికి దక్కిన చిరునామా, గెలిచిన చేతులకు దక్కలేదు.

ఇదంతా పాతకాలపు దొరల కథ అనుకొని సమాధానపడటం తేలిక. మన సర్కారు ఆసుపత్రుల గోడలను చూడండి. సూపరింటెండెంట్ల పేర్ల పట్టిక ఒకటి ఉంటుంది, ఎవరు ఏ తేదీనుంచి ఏ తేదీ దాకా పనిచేశారో. శంకుస్థాపన చేసిన మంత్రి పేరు రాతిమీద ఉంటుంది. ముప్పై ఏళ్ళు ప్రసూతి వార్డులో చేసిన ఆయమ్మ పేరు ఏ పలకమీద ఉంటుంది? గుర్తింపు బొత్తిగా లేదని నేననను. ఉత్తమ నర్సులకిచ్చే జాతీయ ఫ్లారెన్స్ నైటింగేల్ పురస్కారాన్ని కేంద్రప్రభుత్వం 1973లో నెలకొల్పింది. మే 12న నర్సుల దినం జరుపుతారు. గణతంత్ర దినానా, స్వాతంత్ర్య దినానా జిల్లా పెరేడు మైదానంలో కలెక్టరుగారు ప్రశంసాపత్రాలు ఇస్తారు. మంచిదే. కాని ఆ పత్రాలలో సర్వసాధారణంగా ఉండేది అంకితభావంతో సేవ చేశారన్న ఒక అచ్చు వాక్యం. ఏ రాత్రి, ఏ వార్డులో, ఏమి గమనించి, ఎవరిని కాపాడారో అందులో ఉండదు. పేరు ఉంటుంది, పని ఉండదు. రాస్ పుస్తకంలో పని ఉంది, పేరు లేదు. రెండూ సగం గుర్తింపులే.

రెండూ కలిసి గోడకెక్కిన సందర్భం ఒకటి మన దేశంలోనే ఉంది. అది కూడా మలేరియా కథే. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా సోకేదని, 8 లక్షల మంది మరణించేవారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. డి.డి.టి. పంపులు భుజాన వేసుకొని కార్మికులు ఊరూరా తిరిగారు. జ్వరం ఎవరికైనా ఉందా అని పదిహేను రోజులకొకసారి ఇల్లిల్లూ అడిగి, వేలినుంచి రక్తపుచుక్క గాజుపలకమీద తీసేవారు. వచ్చిన తేదీనీ, పొడి అక్షరాలలో తమ సంతకాన్నీ ఇంటి గోడమీద అచ్చువేసిన గడులలో రాసేవారు. ఆ గడులను పాత పెంకుటిళ్ళ గోడలమీద చూసినవారు మనలో ఇంకా ఉంటారు.

1965 నాటికి దేశంలో నమోదైన కేసులు లక్షకు దిగాయి. తరువాత నిఘా సడలింది, దోమలు మందుకు అలవాటు పడ్డాయి, 1976లో కేసులు 64 లక్షలకు ఎగబాకాయి. ఆ ఎగుడుదిగుళ్ళ వెనుక విధానాలూ, నిధులూ, రసాయనాలూ ఉన్నాయి. వాటన్నిటితో పాటు గోడమీద ఆ గడి నింపడానికి ఎండలో నడిచిన మనిషి వచ్చాడా, రాలేదా అన్న చిన్న ప్రశ్న కూడా ఉంది. అది సన్మానంకోసం పెట్టిన గడి కాదు, తనిఖీకోసం పెట్టినది. అయినా పని జరిగిన చోటనే, జరిగిన రోజునే, చేసినవాని గుర్తు నిలిపిన గడి అది.

నేను చెప్పదలచినది ఇంతే. గుర్తింపు అంటే శాలువా కాదు, వేదిక కాదు. అది ముందు ఒక రాత. పని జరిగిన నాడు, ఫలానా వారు ఫలానా సంగతి గమనించారని ఎవరో ఒకరు ఒక పుస్తకంలో రాయాలి. విధుల మార్పిడి సమయంలో ఒక వరుస, నెలాఖరు సమావేశంలో ఒక పేరా, ఆసుపత్రి వార్తాపత్రంలో ఒక మూల చాలు. రోగికి ఊపిరి ఆడటంలేదని ముందుగా పసిగట్టిన ఆయా, తప్పు రక్తపు సీసాను చివరి క్షణంలో ఆపిన టెక్నీషియను, కుక్కకాటు మందు నిలవ అడుగంటిందని నోరు తెరిచి చెప్పిన ఫార్మసిస్టు, వీరందరూ గోడమీది దోమను చూపినవారే. వారి మాట వినడం చికిత్సలో భాగం, వారి పేరు రాయడం చరిత్రలో భాగం. విననిచోట రోగి నష్టపోతాడు, రాయనిచోట తరువాతి తరం నష్టపోతుంది. ఎందుకంటే కొత్తగా ఉద్యోగంలో చేరిన వారు నేర్చుకునేది నియమావళినుంచి కన్నా, ముందువారు ఏమి చూశారన్న కథలనుంచే ఎక్కువ.

సికింద్రాబాదు వీధులలో రాస్ పేరు వినబడుతుంది. ఆయన పనిచేసిన బేగంపేట భవనానికి ఆయన పేరే ఉంది. అది సమంజసమే, ఆయన కష్టం అలాంటిది. ప్రతి ఆగస్టు 20న ఆయన గురించి నాలుగు మాటలు రాసేవారు, ఆ మాటలలో ఒక వాక్యం హాస్పిటల్ అసిస్టెంటుకు కేటాయించాలని నా మనవి. పేరు లేకపోయినా ఫరవాలేదు. తోక పైకెత్తి వాలిన దోమను ఆయన ముందు చూశాడని, రెండోసారి పోల్చి చెప్పాడని రాస్తే చాలు. అలాగే మీ ఊరి సర్కారు దవాఖానాలో మీకు మేలు చేసినవారి పేరు ఇంకా జ్ఞాపకం ఉంటే, ఈ రోజే ఎక్కడైనా రాసిపెట్టండి. ఇరవయ్యారేళ్ళు ఆగితే ఎంత గొప్ప జ్ఞాపకశక్తికైనా మిగిలేవి కుండలీకరణాలే.